అంకె చెప్పే సత్యం, కన్ను చూసే సత్యం

ఒక వస్తువు విలువను తెలుసుకోవడానికి మానవునికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. ఆ వస్తువును బాగుగా ఎరిగినవాడు, అసత్యం పలుకవలసిన అగత్యం లేనివాడు చెప్పిన మాటను విశ్వసించడం మొదటిది. స్వయంగా ఇంద్రియాలతో గ్రహించి, మనస్సుతో నిశ్చయించుకోవడం రెండవది. మన శాస్త్రకారులు మొదటిదానిని ఆప్తవాక్యమనీ, రెండవదానిని ప్రత్యక్షమనీ వ్యవహరించారు. నైయాయికులు ఈ రెండింటినీ ప్రమాణాలుగానే అంగీకరించారు. అయితే, ఒకే వస్తువు విషయంలో ఈ రెండూ భిన్నమైన తీర్పులు ఇచ్చినప్పుడు దేనిని అనుసరించాలి?

ఈ ప్రశ్న తత్త్వగోష్ఠులలో మాత్రమే ఉదయించేది కాదు. అమెరికాలో పురాతన బేస్‌బాల్ కార్డులను సేకరించేవారి మధ్య ఇది నిత్యవివాదం. నిపుణుల సంస్థ ఇచ్చిన గ్రేడు ముఖ్యమా, కంటికి కనిపించే అందం ముఖ్యమా అని వారు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. పిట్స్‌బర్గ్ నగర పరిసరాలలో చిరకాలంగా నివసిస్తూ, ఈ సేకరణపై మక్కువ పెంచుకున్న వాడిని కావున, ఆ వాదంలో నేను గ్రహించిన సారాన్ని పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. కాగితపు ముక్కల గురించి ఇంత విచారణ అవసరమా అనే సందేహం కొందరికి కలుగవచ్చు. విచారణకు విషయం చిన్నదా పెద్దదా అన్నది ప్రధానం కాదు. మనస్సు దేనిని పట్టుకుని దేనిని విడుస్తున్నదో గమనించడానికి చిన్న వస్తువే ఒక్కొక్కసారి ఎక్కువ అనుకూలంగా ఉంటుంది.

మొదట ఈ కార్డుల స్వరూపాన్ని సంగ్రహంగా తెలుసుకుందాం. బేస్‌బాల్ క్రీడాకారుని చిత్రం ఒకవైపు, ప్రకటన గాని, ఆ క్రీడాకారుని వివరాలు గాని రెండవవైపు ముద్రించిన అరచేతిలో ఇమిడే అట్టముక్క ఇది. పందొమ్మిదవ శతాబ్దం చివర పొగాకు వ్యాపారులు సిగరెట్టు పెట్టెలలో వీటిని ఉంచేవారు. పెట్టె నలగకుండా అట్ట కాపాడేది. బొమ్మల కోసం కొనేవారి ఆసక్తి పెరిగేది. 1909 నుండి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వెలువరించిన ఐదు వందలకు పైగా చిత్రాల శ్రేణి నేడు 'టి 206' అనే పేరుతో ప్రసిద్ధం. తరువాతి కాలంలో పొగాకు స్థానాన్ని చూయింగ్ గమ్ ఆక్రమించింది. 1933లో గౌడీ సంస్థ 240 కార్డుల శ్రేణిని, 1952లో టాప్స్ సంస్థ 407 కార్డుల శ్రేణిని విడుదల చేశాయి. ఒక సెంటుకో, ఐదు సెంట్లకో పొట్లం కొని, గమ్ నమిలి, బొమ్మను దాచుకోవడం నాటి బాలుర వినోదం.

దాచుకోవడమంటే నేటి అర్థంలో భద్రపరచడం కాదు. బాలురు వాటిని రబ్బరు బ్యాండుతో బిగించి జేబులో వేసుకునేవారు, గోడకు గుండుసూదులతో గుచ్చేవారు, నోటుపుస్తకాలలో జిగురుతో అంటించేవారు. మోటారు సైకిలు వంటి ధ్వని రావాలని సైకిలు చక్రపు పుల్లల మధ్య వాటిని బిగించేవారు. ఇల్లు మారినప్పుడు తల్లులు చెత్తతోపాటు పారవేసేవారు. 1952 నాటి శ్రేణిలో అమ్ముడుపోని కార్డులను 1960 ప్రాంతంలో పడవలో తీసుకువెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పడవేయించానని, టాప్స్ సంస్థలో ఆ శ్రేణి రూపకల్పనలో పాలుపంచుకున్న సై బెర్గర్ అనంతర కాలంలో చెప్పుకున్నారు. ఈ విధ్వంసం వల్లనే మిగిలినవి అపురూపమైనాయి.

అపురూపమైనదానికి విపణి ఏర్పడింది. విపణితోపాటు మాయ కూడా ప్రవేశించింది. ఒక వర్తకుడు 'సరికొత్తది' అని వర్ణించిన కార్డును మరొక వర్తకుడు 'సామాన్యమైనది' అనేవాడు. అరిగిన అంచులను సన్నగా కత్తిరించి పదునుగా చూపేవారు, వెలిసిన చోట రంగు పూసేవారు, నకళ్ళు ముద్రించేవారు బయలుదేరారు. నాణేల సేకరణలో అప్పటికే, అనగా 1986లో, పి.సి.జి.ఎస్. అనే సంస్థ నిపుణుల పరీక్షా విధానాన్ని ప్రవేశపెట్టింది. అదే పద్ధతిలో 1991లో పి.ఎస్.ఏ. సంస్థ కార్డుల పరీక్షను ఆరంభించింది. యజమాని కార్డును పంపుతాడు. పరీక్షకులు అది అసలైనదా, మార్పులకు లోనైనదా అని పరిశీలిస్తారు. ఒకటి నుండి పది వరకు ఒక అంకె నిర్ణయిస్తారు. ఆ అంకెను, క్రమసంఖ్యను ముద్రించిన చీటీతో సహా కార్డును గట్టి పారదర్శకమైన ప్లాస్టిక్ కోశంలో ఉంచి మూసివేస్తారు. ఎస్.జి.సి., బెకెట్ వంటి ఇతర సంస్థలు కూడా ఈ పని చేశాయి.

ఆ అంకె దేనిని కొలుస్తుందో స్పష్టంగా గ్రహించడం అవసరం. పరీక్షకులు ముఖ్యంగా నాలుగింటిని చూస్తారు: చిత్రం చుట్టూ ఉన్న తెల్లని అంచు నలువైపులా సమానంగా ఉన్నదా, నాలుగు మూలలు పదునుగా ఉన్నాయా, పార్శ్వాలు చెదరకుండా ఉన్నాయా, ఉపరితలంపై గీత, మడత, మరక ఉన్నాయా అని. పి.ఎస్.ఏ. ప్రమాణం ప్రకారం ఏడు అంకె పొందడానికి ముందువైపు అంచుల నిష్పత్తి 70/30 లోపల ఉండాలి. ఆరు అంకెకు 80/20 వరకు అనుమతి ఉంది. అనగా ఒకవైపు అంచు మరొకవైపు అంచుకు నాలుగు రెట్లు ఉన్నప్పటికీ, మూలలు బాగుంటే, ఆరు రావచ్చు. దీనికి విపర్యయంగా, ముందువైపు నిష్కళంకంగా ఉండి, వెనుకవైపు ఆల్బమ్ నుండి ఊడదీసినప్పుడు కాగితం కొద్దిగా చిరిగితే, ఆ కార్డు ఒకటికో రెండుకో దిగిపోతుంది. గుండుసూది చేసిన రంధ్రానికీ అదే గతి.

కావున గ్రేడు అనేది ప్రధానంగా 'ముద్రణాలయం నుండి వెలువడిన నాటి స్థితికి ఈ వస్తువు ఎంత సమీపంలో ఉన్నది?' అనే ప్రశ్నకు సమాధానం. ఇది క్షయాన్ని కొలిచే మానదండం. చూపుకు ఇంపుగా ఉండటాన్ని పరీక్షకులు పూర్తిగా విస్మరిస్తారని అనరాదు. రెండు అంకెల సరిహద్దున నిలిచిన కార్డు విషయంలో దానిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. అయినప్పటికీ రంగుల కాంతి, ముద్రణలోని స్పష్టత, కాగితం పక్వమైన ఛాయ, ముఖంలోని జీవకళ ఒక్క అంకెలో ఇమిడేవి కావు. ఒకే అంకె కలిగిన రెండు కార్డులను పక్కపక్కన ఉంచితే, ఒకదానిపై చూపు నిలిచిపోతుంది, మరొకదానిపై నుండి జారిపోతుంది. ఈ భేదాన్నే సేకరణకర్తలు నేత్రాకర్షణ అనే అర్థం వచ్చే మాటతో వ్యవహరిస్తారు.

మా ఊరివాడైన ఒక మిత్రుని కుమారుడు ఇక్కడనే పుట్టి పెరిగి, ఉద్యోగం చేస్తూ ఈ కార్డుల క్రయవిక్రయాలు కూడా చేస్తుంటాడు. ఒకసారి నా వద్ద ఉన్న తక్కువ గ్రేడు కార్డులను చూసి అతడు ఇలా అన్నాడు: "బాబాయిగారూ, ఇవి అందంగానే ఉన్నాయి. కానీ అందం అనేది మీ కన్నుకు ఒకటి, నా కన్నుకు ఒకటి. రేపు వీటిని అమ్మవలసి వస్తే, కాలిఫోర్నియాలో ఉన్నవాడు మీ కన్నుతో చూడడు కదా! అతనికి అర్థమయ్యేది అంకె ఒక్కటే."

ఆ మాటలో బలం ఉంది. చూపు వ్యక్తిగతం, అంకె సార్వజనీనం. వేల మైళ్ళ దూరంలో ఉన్న ఇద్దరు అపరిచితులు ఒకరినొకరు చూడకుండా, వస్తువును తాకకుండా వ్యవహారం జరుపుకోవడానికి ఆ అంకె సేతువు వంటిది. పైగా ఛాయాచిత్రాలు కూడా మోసగించగలవు. కాంతిని మార్చి చూపితే వెలిసిన రంగు మెరుస్తుంది, సన్నని మడత మాయమవుతుంది. "కార్డును కొనండి, కోశాన్ని కాదు" అని అనుభవజ్ఞులు నూతన సేకరణకర్తలకు చెప్పే హితవచనం ఒకటి ఉంది. అయితే కార్డును చూసి గుర్తించగల నేర్పు లేనివానికి ఆ హితవు ప్రమాదకరం. నేర్పు లేని కన్ను అందాన్ని చూస్తుంది గాని, ఆ అందం ఎక్కడ నుండి వచ్చిందో చూడలేదు.

దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతం హోనస్ వాగ్నర్ కార్డు. వాగ్నర్ మా పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకు చెందిన మహాక్రీడాకారుడు; ఆయన నిలువెత్తు విగ్రహం నేటికీ ఇక్కడి క్రీడాప్రాంగణం వెలుపల ఉంది. టి 206 శ్రేణిలో ఆయన కార్డు ముద్రణ త్వరలోనే ఆగిపోయింది. పొగాకుతో తన పేరు ముడిపడటం ఇష్టంలేక ఆయన అభ్యంతరం చెప్పారని కొందరు, తగిన పారితోషికం ఇవ్వనందువల్లనని మరికొందరు చెబుతారు. ఏది ఏమైనా, ఆ కార్డులు అత్యల్ప సంఖ్యలో మాత్రమే మిగిలాయి. వాటిలో ఒకటి ఆశ్చర్యకరమైన మెరుగుతో, పదునైన అంచులతో ఉండేది. 1991లో ఐస్ హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి దానిని వేలంలో 4,51,000 డాలర్లకు కొన్నారు. పి.ఎస్.ఏ. సంస్థ గ్రేడు ఇచ్చిన మొట్టమొదటి కార్డు అదే. దానికి లభించిన అంకె ఎనిమిది. 2007 నాటికి దాని వెల 28 లక్షల డాలర్లకు చేరింది.

ఆ కార్డు అంచులు కత్తిరించబడినవన్న అనుమానం చాలాకాలం వినవచ్చింది. చివరకు 2013లో, పూర్వం దానిని కొని అమ్మిన బిల్ మాస్ట్రో అనే వేలం నిర్వాహకుడు, తనపై నడిచిన మోసపు అభియోగాల విచారణలో నేరాన్ని అంగీకరిస్తూ, ఆ కార్డు పార్శ్వాలను తాను కత్తిరించినట్లు ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకు అంకె ఇవ్వరాదన్నది ఈ రంగంలోని నియమం. తొలి కార్డు విషయంలోనే ఆ నియమం తప్పిపోయింది.

ఈ వృత్తాంతాన్ని విని, 'చూశారా, గ్రేడులు నమ్మదగినవి కావు, కన్నునే నమ్మాలి' అని కొందరు తీర్మానిస్తారు. సూక్ష్మంగా ఆలోచిస్తే ఆ తీర్మానం నిలవదు. ఆ కార్డు విషయంలో కన్ను కూడా అంతగానే మోసపోయింది. కత్తి పెట్టినది కంటిని ఆకర్షించడానికే కదా! పదునైన అంచు చూసి ముగ్ధులైనవారు చూసినది కాలం కరుణించి మిగిల్చిన సౌందర్యాన్ని కాదు, ఒక చేయి కల్పించిన సౌందర్యాన్ని. ఆప్తుడు పొరబడితే ఆప్తవాక్యం దోషయుక్తం అవుతుంది. ఇంద్రియం భ్రమిస్తే ప్రత్యక్షం దోషయుక్తం అవుతుంది. ఒకదానిలో దోషం కనిపించినంత మాత్రాన రెండవది నిర్దోషమని సిద్ధించదు. ఈ రెండు దోషాలకూ మూలమైనది ఒకటే: మరింత మెరుగైనదిగా కనిపించాలి, మరింత వెల పలకాలి అనే ఆశ.

మరొక విషయం కూడా గమనార్హం. 2022లో రెండు అంకె మాత్రమే కలిగిన వాగ్నర్ కార్డు ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. మూలలు గుండ్రబడి, కాలపు గుర్తులను దాచుకోకుండా నిలిచిన కార్డు అది. అంత అరుదైన వస్తువు వద్దకు చేరేసరికి, అంకె ఎంత అన్న ప్రశ్న వెనుకకు పోయి, అది అదేనా కాదా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. నిపుణుని వాక్యం అత్యవసరమైనది ఆ ప్రశ్నకే. అసలుదా, నకలా? మార్పు చేయబడినదా, లేదా? ఇది సామాన్యుని కన్నుకు అందని విషయం; కొలతలు, సూక్ష్మదర్శిని, సాధన కావలసిన విషయం. ఇక ఇది ఎంత బాగున్నది అనే ప్రశ్నకు వచ్చినప్పుడు, నిపుణుని అంకె సగం దూరం వరకే తోడు వస్తుంది.

అంకెలు లేని కాలంలో ఈ సేకరణ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే జెఫర్సన్ బర్డిక్ జీవితాన్ని స్మరించాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ వాసి ఆయన. సామాన్య ఉద్యోగి, అవివాహితుడు, కీళ్ళవాతంతో దీర్ఘకాలం బాధపడినవాడు. అమెరికాలో ముద్రితమైన కార్డులన్నింటికీ ఒక క్రమాన్ని నిర్దేశిస్తూ 1939లో తొలిసారి సూచీగ్రంథాన్ని వెలువరించారు. నేడు లోకమంతా పలికే 'టి 206' అనే పేరు ఆయన ఏర్పరచిన వర్గీకరణలోనిదే. తాను జీవితకాలం సేకరించిన మూడు లక్షలకు పైగా ముద్రిత చిత్రాలను ఆయన న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు సమర్పించారు. వాటిలో బేస్‌బాల్ కార్డులే ముప్పై వేలకు పైబడి ఉన్నాయి. వాగ్నర్ కార్డు కూడా వాటిలో ఒకటి.

సమర్పించిన తరువాత ఆయన ఊరకుండలేదు. ఏళ్ళ తరబడి ఆ మ్యూజియంలో కూర్చుని, వంగని వేళ్ళతో, ఒక్కొక్క కార్డునూ ఆల్బమ్ పుటలపై జిగురుతో అంటించారు. 1963 జనవరిలో ఆ పని పూర్తి చేసి, ఆసుపత్రిలో చేరి, మార్చిలో దేహం చాలించారు. నేటి గ్రేడు ప్రమాణంతో చూస్తే జిగురు అంటిన ఆ కార్డులు అధమశ్రేణివి. వాటిని ఊడదీస్తే వెనుక కాగితం చిరుగుతుంది. కానీ ఆయన వాటిని ఊడదీయడానికి అంటించలేదు. ఎవరికీ అమ్మరాదని, అందరూ చూడాలని అంటించారు. విక్రయభావన లేని చోట అంకెకు ప్రవేశం లేదు. ఆయన కార్యాన్ని నేను తలచుకున్నప్పుడల్లా, ఒక వస్తువును కాపాడటం వేరు, దాని వెలను కాపాడటం వేరు అన్న వివేకం స్థిరపడుతుంది.

ఇంతవరకు చెప్పినది పుస్తకజ్ఞానంగా మిగిలిపోకుండా, నా కన్నుల ఎదుట జరిగిన ఒక సంఘటన ఈ విచారణకు ప్రాణం పోసింది. మా పొరుగున ఒక వృద్ధ దంపతులు ఉండేవారు. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. బాల్యంలో ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానంలో రాబర్టో క్లెమెంటే ఆడగా చూసిన భాగ్యశాలి. క్లెమెంటే ప్యూర్టోరికో దీవిలో జన్మించి, 1955లో పిట్స్‌బర్గ్ జట్టులో ప్రవేశించి, సరిగ్గా మూడు వేల హిట్లు సాధించినవాడు. నికరాగువాలో భూకంపం సంభవించినప్పుడు, బాధితులకు సహాయ సామగ్రిని స్వయంగా చేర్చాలని విమానమెక్కి, 1972 డిసెంబరు 31న ఆ విమానం సముద్రంలో కూలి మరణించినవాడు. ఈ నగరంలో ఆయన పేరు పలికేటప్పుడు పెద్దల స్వరం నేటికీ తగ్గుతుంది.

ఆ పొరుగాయన వద్ద క్లెమెంటే తొలి కార్డులు, అనగా 1955 టాప్స్ శ్రేణిలోని 164వ సంఖ్య కార్డులు, రెండు ఉండేవి. అడ్డంగా ముద్రించిన కార్డు అది: పెద్దదిగా ముఖచిత్రం, ప్రక్కన చిన్నదిగా ఆడుతున్న రూపం. వాటిలో మొదటిది ఆయన పెద్ద వయస్సులో కొన్నది. ఆరు అంకెతో కోశంలో ఉన్నది. మూలలు చక్కగా ఉన్నా, చిత్రం ఒక ప్రక్కకు ఒరిగి, రంగులు కొంత మందంగా ఉండేవి. రెండవది పదేళ్ళ వయస్సులో పొట్లంలో దొరికినది. అప్పట్లో పిండి జిగురుతో నోటుపుస్తకంలో అంటించి, తరువాత ఊడదీసినందువల్ల, వెనుకవైపు బొటనవ్రేలి గోరంత మేర కాగితం లేచిపోయింది. ముందువైపు మాత్రం నిన్ననే ముద్రించినంత కాంతి! అంచులు నలువైపులా సమానం. దానికి గ్రేడు వేయించలేదు. వేయిస్తే రెండుకు మించదు.

ఆయన గతించిన తరువాత ఆమెకు ఇంటి మరమ్మతులకు ధనం అవసరమైంది. రెండింటిలో ఒకటి అమ్మి, మరొకటి మనుమనికి ఇవ్వాలని నిశ్చయించుకున్నారు. ఆమె కుమారుడు వ్యవహారజ్ఞుడు. ఆరు అంకె కార్డు వెల కాలంతోపాటు పెరుగుతుంది కనుక అది మనుమనికి ఉంచి, చిరిగినదానిని అమ్మాలన్నాడు. లేదా రెండవదానికి కూడా గ్రేడు వేయించి కోశంలో భద్రపరచాలన్నాడు. ఆమె నన్ను పిలిపించి, ఏది మంచిదని అడిగారు.

నేను కార్డులను దీపం వద్ద పరిశీలించాను. కోశం లేనిదానిని కొలిచి, రెండున్నర అంగుళాలకు పైన ఒక ఎనిమిదవ వంతు, మూడు ముప్పావు అంగుళాల అసలు ప్రమాణం తగ్గలేదని, అంచులపై కత్తి పడలేదని నిర్ధారించుకున్నాను. "అమ్మడానికైతే ఆరు అంకె గలది మంచిది, చూడటానికైతే రెండవది మంచిది" అని చెప్పాను. ఆమె చిరునవ్వు నవ్వారు. అప్పటికే ఆమె కంటిచూపు బాగా క్షీణించి ఉన్నది. ముఖాలే మసకగా కనిపించేవి. కార్డుపై రంగుల మాట చెప్పనే అక్కరలేదు.

ఆమె కోశం లేని కార్డును చేతిలోకి తీసుకుని, వెనుకవైపు వ్రేలితో తడిమారు. కాగితం లేచిన గరుకైన చోట వ్రేలు ఆగింది. "ఇది ఆయనది. పెళ్ళయిన కొత్తలో ఈ చిరుగు కథ నాకు ఎన్నిసార్లు చెప్పారో! రెండవది ఆయన కొన్నది, అంతే" అన్నారు.

నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. గ్రేడు అని, నేత్రాకర్షణ అని మనం వాదించుకునే రెండు పక్షాలూ ఆ వ్రేలి కొన వద్ద నిలిచిపోయాయి. ఆ కార్డును అధమశ్రేణికి దించే లోపమే ఆమెకు దానిని గుర్తించే ఆధారమైంది. అది లోపరహితంగా ఉండి ఉంటే, ఆమె చేతికి అన్ని కార్డులవంటిదే అయ్యేది. కోశంలో బంధించి ఉంటే, ఆమెకు తగిలేది నునుపైన ప్లాస్టిక్ మాత్రమే.

అయితే కథను ఇక్కడే ఆపి గ్రేడును నిందించడం న్యాయం కాదు. ఆమె ఆరు అంకె కార్డును అమ్మదలచి, ఒక వేలం ద్వారా పంపారు. దూరరాష్ట్రంలోని అపరిచితుడు ఎవరో దానిని కొన్నాడు. ఆ అంకె కలిగిన క్లెమెంటే కార్డులకు ఆ రోజులలో పలికే వెలయే దానికీ పలికింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క బేరం లేదు. భర్త లేని, చూపు తగ్గిన వృద్ధురాలి వద్దకు ఒక వర్తకుడు నేరుగా వచ్చి, అంచు సమానంగా లేదనీ రంగు వెలిసిందనీ చెప్పి, సగం ధరకు తీసుకుపోవడం ఎంత సులభమో ఊహించండి! చీటీపై ఉన్న ఆ చిన్న అంకె ఆమెకు రక్షణ అయింది. చూడలేనివారి పక్షాన చూసి చెప్పడం, తెలియనివారి పక్షాన తెలుసుకుని చెప్పడం నిపుణుని ధర్మం. ఆ ధర్మం చక్కగా నెరవేరినప్పుడు దానిని గౌరవించాలి.

ఈ విధంగా ఒకే ఇంటిలో, ఒకే క్రీడాకారుని రెండు కార్డుల విషయంలో, రెండు ప్రమాణాలు తమ తమ స్థానాలలో సార్థకమైనాయి. చేయి మారవలసిన కార్డుకు అంకె అవసరమైంది. చేతిలో మిగలవలసిన కార్డుకు అంకె నిష్ప్రయోజనమైంది. కావున 'గ్రేడా, రూపమా?' అని అడగడానికి పూర్వం, 'ఈ వస్తువుతో నాకు ఉన్న సంబంధం ఏమిటి?' అని అడగాలి. అమ్మదలచినవాడు అపరిచితుని భాషలో మాట్లాడాలి. ఆ భాష అంకె. ఉంచుకోదలచినవాడు తన కన్నుతో, తన స్మృతితో మాట్లాడుకోవాలి. అక్కడ అంకె అనువాదకుడు మాత్రమే, వక్త కాదు. ఉంచుకోదలచి కూడా అంకె కోసం కొనేవాడు, రోజూ చూసుకునే వస్తువును తన ఇంట్లోనే పరాయివాని కన్నుతో చూస్తుంటాడు. అమ్మదలచి కూడా అందం మీద పంతం పట్టేవాడు, తన అనుభవానికి పరులు వెల కట్టలేదని దుఃఖిస్తాడు.

చీటీ విషయంలో క్లెమెంటే జీవితంలోనే ఒక పాఠం ఉంది. 1955, 1956 సంవత్సరాల కార్డులపై ఆయన పేరు రాబర్టో అని సరిగానే ఉంది. 1957 నుండి 1969 వరకు టాప్స్ కార్డులపై 'బాబ్ క్లెమెంటే' అని ముద్రించారు. అమెరికన్ల నాలుకకు సులభంగా ఉండాలని పెట్టిన ఆ పేరు ఆయనకు ఇష్టం లేదు. తన పేరు రాబర్టో అని ఆయన చెబుతూనే వచ్చారు. 1970లో గాని కార్డు ఆయన మాట వినలేదు. పదమూడు సంవత్సరాలు లక్షలాది కార్డులపై అచ్చయిన నామం, ఆ మనిషిని బాబ్‌గా మార్చలేకపోయింది. ముద్రించినది అయినంత మాత్రాన చీటీ వస్తువు కాజాలదు. అలాగని చీటీ లేకుండా వస్తువు పదిమందిలో వ్యవహారానికి అందదు. ఈ రెండు వాక్యాలనూ ఒకేసారి మనస్సులో నిలుపుకోవడం కష్టమైనప్పటికీ అవసరమే.

ఇట్టి సేకరణలో ఉన్న పాఠకులు, ముఖ్యంగా ఇక్కడి పిల్లల ద్వారా ఈ ఆసక్తిలో ప్రవేశించిన తెలుగు తల్లిదండ్రులు, నన్ను అడిగినప్పుడు నేను చెప్పే క్రమం ఇది. మొదట చీటీని చూడండి, అయితే అంకె కోసం కాదు. అది అసలైనదని, మార్పులకు లోనుకానిదని ఒక బాధ్యతగల సంస్థ ధ్రువీకరించిందా అని చూడండి. ఆ విషయంలో మీ కన్నుపై అతివిశ్వాసం వద్దు. పిమ్మట అంకెను బొటనవ్రేలితో కప్పి, కార్డును తదేకంగా చూడండి. అంచులు, రంగులు, ముఖం, కాగితపు ఛాయ, ఒక్కొక్కటిగా గమనించండి. చూపు అక్కడ నిలవాలని కోరుతున్నదా, లేక అంకె ఎంతో తెలుసుకోవాలని తొందరపడుతున్నదా అని మీ మనస్సును పరీక్షించుకోండి. తరువాతనే వ్రేలు తీసి, అడిగిన వెల సబబేనా అని విచారించండి. నా వద్ద ఉన్న కార్డులు అధికభాగం రెండు, మూడు, నాలుగు అంకెలవి. వెనుకవైపు ఒక మడత, ఒక మూల గుండ్రన, ఎవరో బాలుడు పెన్సిలుతో వ్రాసుకున్న గుర్తు. వాటిని కొన్న ధనంతో ఎనిమిది అంకె గల కార్డు ఒక్కటి వచ్చేదేమో. కానీ సాయంకాలం బల్ల మీద పరచుకుని చూడటానికి నాకు ఇవే తృప్తినిస్తున్నాయి.

ఆ పొరుగామె మనుమనికి పోయిన ఏడాది పన్నెండేళ్ళు నిండాయి. కోశం లేని క్లెమెంటే కార్డు ఇప్పుడు అతని వద్ద, ఒక మెత్తని ప్లాస్టిక్ తొడుగులో ఉన్నది. ముందువైపు చూపమంటే చూపుతాడు. వెనుకవైపు అతనే త్రిప్పి చూపి, ఆ చిరుగు ఎలా వచ్చిందో, తాను పుట్టకముందు జరిగిన కథను, తానే చూసినట్లుగా చెబుతాడు.